వైర్‌లెస్, ఐఓటీ పరిశోధనను వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గేట్ ఫలితాలు వెలువడిన వారం నుంచి పిహెచ్‌డి ఇంటర్వ్యూలు ముగిసేదాకా వైర్‌లెస్, ఐఓటీ (సెన్సర్ల వంటి వస్తువులను ఇంటర్నెట్‌కు కలపడం) పరిశోధన గురించి ఏటా నన్ను అవే సందేహాలు పలకరిస్తుంటాయి. అడిగేవారు మాత్రం మారుతుంటారు. ఒకరు బీటెక్ చివరి ఏడాది విద్యార్థి, ఒకరు పదేళ్లుగా ఇంజినీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్న అధ్యాపకురాలు, మరొకరు మంచి జీతం వదులుకోవాలా వద్దా అని మథనపడుతున్న ఇంజినీరు. వారికి విడివిడిగా రాసిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నిర్ణయానికి ముందు

5జి వచ్చేసింది. వైర్‌లెస్‌లో ఇంకా పరిశోధించడానికి ఏం మిగిలింది?

చాలా మిగిలింది. ఒక ఛానల్ (సమాచారం ప్రయాణించే దారి) గుండా తప్పు లేకుండా ఎంత సమాచారం పంపవచ్చో క్లాడ్ షానన్ 1948లో హద్దు గీశారు. ఆ హద్దు చాలా పొడవైన సంకేతాలను ఊహించుకుని గీసినది. పొలంలో తేమ కొలిచే సెన్సర్ పంపేది ఇరవై ముప్పై బైట్లే. అంత చిన్న ప్యాకెట్లను, వేల పరికరాలు ఒకే గాలిని పంచుకుంటున్నప్పుడు, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలిచేలా చేరవేయడం వేరే లెక్క. ఆ లెక్క ఇంకా తేలలేదు. 2023 నవంబరులో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య ఆమోదించిన 6జి చట్రంలో ఆరు రకాల వాడుకలను పేర్కొన్నారు. కబురు మోసే రేడియో తరంగాలతోనే చుట్టూ ఉన్న వస్తువుల కదలికను పసిగట్టడం వాటిలో ఒకటి. ఇప్పుడు చేరే విద్యార్థి సిద్ధాంత గ్రంథం సమర్పించే నాటికి ఈ ప్రశ్నలు వేడిగానే ఉంటాయి.

వైర్‌లెస్ వేరు, ఐఓటీ వేరా? దరఖాస్తులో ఏది రాయాలి?

రెండింటి మధ్య గోడ లేదు. కానీ "నా ఆసక్తి ఐఓటీ" అని మాత్రమే రాస్తే ఎంపిక చేసేవారికి ఏమీ అర్థం కాదు. ఈ రంగంలో పనిచేసేవారు స్థూలంగా మూడు రకాలు. సమాచార సిద్ధాంతం, సంకేత సంస్కరణ వంటి గణితంతో పనిచేసేవారు ఒకరు. ప్రోటోకాల్స్ (పరికరాలు మాట్లాడుకునే నియమాలు), నెట్‌వర్క్‌లు నిర్మించి పరీక్షించేవారు ఇంకొకరు. యాంటెన్నాలు, రేడియో సర్క్యూట్లు తయారుచేసేవారు మూడోవారు. మీ మనసు ఎటు మొగ్గుతోందో రాయండి. సెన్సర్‌ను బోర్డుకు తగిలించి, కొలత ఫోనులో కనబడేలా చేయడం మంచి ప్రాజెక్టు. అదే ఏర్పాటు వంద సెన్సర్లకు పెరిగినప్పుడు ఎందుకు కుప్పకూలిందో అడిగితే అక్కడ పరిశోధన మొదలవుతుంది.

గణితం అంటే భయం. ఈ రంగంలో నెగ్గుకురాగలనా?

భయం ఉన్నా రావచ్చు, గణితం లేకుండా మాత్రం కుదరదు. సంభావ్యత, రేఖీయ బీజగణితం, యాదృచ్ఛిక ప్రక్రియలు, ఈ మూడూ వస్తే మిగిలినవి పనిలో పడ్డాక నేర్చుకోవచ్చు. ఫోను సిగ్నల్ గదిలో ఒకచోట బాగుండి, అడుగు పక్కకు జరిగితే ఎందుకు పడిపోతుంది? అనేక దారుల్లో వచ్చిన తరంగాలు కలిసినప్పుడు వాటి రెండు అంశాలు (సైన్, కొసైన్ భాగాలు) గాసియన్ విభాజనాన్ని అనుసరిస్తాయని, అందువల్ల సిగ్నల్ పరిమాణం రేలీ విభాజనం అవుతుందని కాగితం మీద మీరే రాబట్టి చూడండి. ఇంటర్వ్యూలలో ఇలాంటివే అడుగుతారు.

మరో మాట. ఛానల్ అంచనాలో, స్థాన నిర్ధారణలో, సగటున నిజమైన విలువనే ఇచ్చే ఏ పద్ధతి అయినా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేదని తేల్చే కొలబద్ద క్రామర్-రావు హద్దు. అందులోని రావు మన సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన 1945లో కలకత్తాలో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఈ రంగంలో ఏ జర్నల్ తిరగేసినా ఆ తెలుగు పేరు ఎదురవుతుంది. చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే.

ఎంటెక్ లేకుండా బీటెక్ తర్వాత నేరుగా పిహెచ్‌డిలో చేరవచ్చా?

చేరవచ్చు. 2022 నాటి యూజీసీ నిబంధనలు నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికి ఆ దారి తెరిచాయి. ఐఐటీలు సొంత నియమాలు పెట్టుకుంటాయి, చాలా చోట్ల మంచి గేట్ స్కోరు అడుగుతాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సొంత ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది. పరిశోధన మీకు సరిపడుతుందో లేదో తెలియకపోతే ముందు ఎంటెక్ చేయండి. రెండేళ్లలో మనసు తేలిపోతుంది.

తెలుగు రాష్ట్రాలలో ఎక్కడ మంచి పని జరుగుతోంది?

కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్ 5జి, 6జి భౌతిక పొర (బిట్లను రేడియో తరంగాలుగా మార్చి పంపే భాగం) మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మానవరహిత వాహనాల పరీక్షా క్షేత్రం టిహాన్ కూడా అక్కడే ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ తన ప్రాంగణాన్నే స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్‌గా మార్చుకుంది. ఐఐటీ తిరుపతిలో స్థాన నిర్ధారణ సాంకేతికతల కేంద్రం ఉంది. 1959లో మొదలైన వరంగల్ ఎన్‌ఐటీ ఎలక్ట్రానిక్స్‌లో పాత పేరున్న విద్యాసంస్థ. బయటికి వెళ్లగలిగితే బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఢిల్లీ ఉండనే ఉన్నాయి. సంస్థ పేరు మీ మొదటి ఉద్యోగం దాకా సాయపడుతుంది. గైడ్ నేర్పిన అలవాట్లు మాత్రం ఆ తర్వాత కూడా మీతోనే ఉంటాయి.

గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి? ఎవరిని అడగాలి?

ఆయన లేదా ఆమె దగ్గర ఇప్పటికే చదివినవారిని అడగండి. పిహెచ్‌డి పూర్తిచేసిన ఇద్దరితో, వీలైతే మధ్యలో మానేసిన ఒకరితో మాట్లాడండి. సూటిగా నాలుగు విషయాలు కనుక్కోండి. వారానికి ఎంతసేపు కలుస్తారు? చిత్తుప్రతి ఇస్తే ఎన్ని రోజులకు చదివి ఇస్తారు? పేపరులో పేర్ల వరుస ఎలా నిర్ణయిస్తారు? విద్యార్థులు సగటున ఎన్నేళ్లలో బయటపడ్డారు?

ఆ తర్వాత వారి విద్యార్థులు మొదటి రచయితలుగా ఉన్న మూడు పేపర్లు తీసి చదవండి. చదివాక "ఇది నేను చేయగలిగితే బాగుండు" అనిపించిందా? అనిపించకపోతే ఎంత పేరున్నవారైనా వదిలేయండి. కొత్తగా చేరిన అధ్యాపకులను తక్కువగా చూడకండి. వారికి తమ ల్యాబ్ నిలబెట్టుకోవాలన్న తపన ఉంటుంది, మీ పక్కన కూర్చుని కోడ్ చూసే సమయమూ ఉంటుంది.

ఎంచుకున్నవారికి ఈమెయిల్ రాసేటప్పుడు "గౌరవనీయులైన ప్రొఫెసర్" అని మొదలుపెట్టి అందరికీ ఒకే ఉత్తరం పంపకండి. వారి ఒక పేపరులో మీకు అర్థం కాని ఒక సమీకరణం గురించి రాయండి. అలాంటి ఉత్తరానికి నేను జవాబు రాయకుండా ఉండలేను.

నెలకు ఎంత వస్తుంది? ఇల్లు గడుస్తుందా?

2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000, సీనియర్ ఫెలోషిప్ 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం ఉన్నచోట అది అదనం. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌లో మొదటి రెండేళ్లు నెలకు 70,000తో ప్రారంభించి చివరికి 80,000 వరకు నిర్ణయించారు. గేట్ ద్వారా ఎంటెక్ చేసేవారికి వచ్చేది 12,400. ఒంటరిగా హాస్టల్‌లో ఉంటే గడుస్తుంది. ఇంటికి డబ్బు పంపవలసినవారు చేరకముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. మూడో ఏడాదిలో ఆ లెక్క మొదలుపెడితే పరిశోధనే దెబ్బతింటుంది.

నేను ప్రైవేట్ ఇంజినీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. పార్ట్‌టైం పిహెచ్‌డి విలువైనదేనా?

విలువ రిజిస్ట్రేషన్ రకాన్ని బట్టి రాదు, పనిని బట్టి వస్తుంది. యూజీసీ నిబంధనలు పార్ట్‌టైం పిహెచ్‌డిని అనుమతిస్తాయి. మీ యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఇంజినీరింగ్ కళాశాలల్లో అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పిహెచ్‌డి తప్పదు కాబట్టి జేఎన్‌టీయూలలో, ఉస్మానియాలో, ఇతర విశ్వవిద్యాలయాలలో ఈ దారిన నడిచేవారు వేలల్లో ఉన్నారు.

వారి కష్టం నాకు తెలుసు. వారానికి పదహారు, పద్దెనిమిది గంటల బోధన, అక్రెడిటేషన్ ఫైళ్లు, అడ్మిషన్ల పని. రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే బుర్ర పనిచేయదు. అందుకే రెండు సలహాలు. వారంలో రెండు ఉదయాలు, తెల్లవారుజామున రెండేసి గంటలు, పరిశోధనకే కేటాయించి ఎవరికీ ఇవ్వకండి. పరికరాలు కొనవలసిన అంశం కాకుండా, మీ కళాశాల ప్రాంగణంలోనే కొలవగలిగిన అంశం తీసుకోండి. పూర్తిస్థాయిలో చదవడానికి వీలుంటే ఏఐసీటీఈ క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం ప్రకటన చూడండి. పనిచేస్తున్న అధ్యాపకులను పెద్ద సంస్థలలో చదివించడానికే దాన్ని పెట్టారు.

విదేశాలలో చేస్తే మేలా?

దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది. స్వీడన్ వంటి చోట్ల పిహెచ్‌డి విద్యార్థి జీతం తీసుకునే ఉద్యోగి. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయం 2018లోనే 6జి ఫ్లాగ్‌షిప్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఐరోపా సమాఖ్య మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లలో, ఆతిథ్య దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి నివసించని వారినే తీసుకుంటారు. మన దేశం నుంచి వెళ్లేవారికి ఆ నియమం అనుకూలం. అమెరికాలో ఐదేళ్లు పట్టడం మామూలే, ఖర్చులు రీసెర్చ్ లేదా టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో గడుస్తాయి. సొంత డబ్బుతో, అప్పు చేసి పిహెచ్‌డికి వెళ్లడం మాత్రం నేను ఎవరికీ చెప్పను.

## చేరిన తర్వాత

పరిశోధన అంశం ఎలా దొరుకుతుంది?

నాకు దొరికిన తీరు చెబుతాను. ఒక మామిడి తోటలో లోరా (తక్కువ శక్తితో చాలా దూరం చేరే రేడియో పద్ధతి) సెన్సర్లు పెట్టాం. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కరలేదు, కాబట్టి ఎవరైనా పెట్టవచ్చు. వేసవిలో ప్యాకెట్లన్నీ చక్కగా వచ్చాయి. తొలకరి పడ్డాక సగం మాయమయ్యాయి. తడిసిన ఆకులు తరంగాలను మింగేస్తున్నాయని మొదటి రోజే ఊహించాం. అసలు సంగతి తర్వాత తెలిసింది.

సిగ్నల్ తగ్గగానే ప్రతి పరికరం తన స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సంకేతాన్ని గాలిలో ఎంత సాగదీయాలో చెప్పే అంకె) పెంచుకుంటుంది. అది 7 నుంచి 12 దాకా ఉంటుంది. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ప్యాకెట్ గాలిలో ఉండే సమయం దాదాపు రెట్టింపవుతుంది. గాలిలో ఎక్కువసేపు ఉన్న ప్యాకెట్లు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. వరుస చూసుకోకుండా ఎవరికి తోచినప్పుడు వారు పంపే ఈ పద్ధతి 1970లో హవాయిలో పుట్టిన అలోహాదే. దాని సామర్థ్యం 18.4 శాతం దాటదు. అంటే వాన కంటే, వానకు పరికరాలు చూపిన ప్రతిస్పందనే ఎక్కువ నష్టం చేసింది. బ్యాటరీలు కూడా ముందే అయిపోయాయి. అందరూ కలిసి బాగుపడాలంటే ఎవరు ఎంత తగ్గాలన్న ప్రశ్న అక్కడ పుట్టింది, నాలుగేళ్లు నన్ను వదల్లేదు.

పాత పేపర్లలో "భవిష్యత్ కృషి" అన్న చివరి పేరాలో అంశం వెతుక్కునేవారు చాలామంది. అది ఇంకొకరు వదిలేసినది. మీరు కొలిచినప్పుడు లెక్కకు అందకుండా మిగిలినది మీది.

మన ఊళ్ల సమస్య మీద పనిచేస్తే అంతర్జాతీయంగా ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకున్నారు. 5జి ప్రమాణాల పరీక్షలు రూపొందుతున్నప్పుడు, గ్రామాలలో జనం వేగంగా కదలరని, టవర్లు మాత్రం దూరదూరంగా ఉంటాయని మన దేశ పరిశోధకులు వాదించారు. టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరం ఉండే "తక్కువ కదలిక, పెద్ద సెల్" పరీక్షను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య తన నిబంధనలలో చేర్చింది. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, అక్కడి సెవిట్ సంస్థ కలిసి దానికి తగిన తరంగరూపాన్ని ముందుకు తెచ్చాయి. సిగ్నల్‌లో హెచ్చుతగ్గులు తగ్గిస్తే ఫోనులోని యాంప్లిఫయర్ పూర్తి శక్తితో పనిచేస్తుంది, అంచున ఉన్న ఇంటి నుంచి కూడా కబురు టవర్‌కు చేరుతుంది. అదే 5జిఐగా 2021లో అంతర్జాతీయ ఆమోదం పొందింది, తర్వాత మొబైల్ ప్రమాణాలు రాసే 3జిపిపి సంస్థ 17వ విడుదలలో కలిసింది. పల్లె గురించి అడిగిన ప్రశ్న ప్రపంచ ప్రమాణంలోకి వెళ్లిన దారి ఇది.

మా దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. సిమ్యులేషన్ సరిపోతుందా?

సిద్ధాంత పత్రానికి సరిపోతుంది. గణిత ఫలితం గట్టిగా ఉంటే మోంటీ కార్లో (యాదృచ్ఛిక సంఖ్యలతో పదేపదే చేసే కంప్యూటర్ ప్రయోగం) రేఖ దాన్ని సరిచూస్తే చాలు. వ్యవస్థను నిర్మించామని చెప్పే పత్రానికి మాత్రం నిజమైన కొలత కావాలి. ఎన్‌ఎస్-3, గ్నూ రేడియో, కాంటికీ-ఎన్‌జి, ఓపెన్ ఎయిర్ ఇంటర్‌ఫేస్ వంటి సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం. కొన్ని వేల రూపాయలతో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే రేడియో రిసీవర్), వైఫై ఉన్న నాలుగు ఈఎస్‌పీ32 బోర్డులు కొనవచ్చు. ఐఐటీ మద్రాస్ సహా ఎనిమిది సంస్థలు కలిసి కట్టిన 5జి టెస్ట్‌బెడ్‌ను 2022 మే నెలలో ప్రారంభించారు. బయటి పరిశోధకులకూ పరీక్షలకు అవకాశం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. అడగండి.

అన్నిటికీ మెషిన్ లెర్నింగ్ జోడించమంటున్నారు. జోడించాలా?

ఛానల్‌కు మంచి గణిత నమూనా ఉన్నచోట ముందు పాత పద్ధతితో వచ్చే ఫలితం చూడండి. దాన్ని మించితేనే న్యూరల్ నెట్‌వర్క్ వాడండి. మించకపోతే ఆ మాటే పేపరులో రాయండి.

నెలలో ప్రచురిస్తాం, డబ్బు కట్టండి అని ఈమెయిళ్లు వస్తున్నాయి. కడితే తప్పా?

కట్టకండి. ఓపెన్ యాక్సెస్‌కు రుసుము తీసుకునే మంచి జర్నళ్లు ఉన్నాయి, కాబట్టి రుసుము ఒక్కటే దొంగ జర్నల్‌కు గుర్తు కాదు. సమీక్ష లేకుండా అంగీకారం హామీ ఇవ్వడం, ఎడిటర్ల పేర్లు వెతికితే దొరకకపోవడం, ఒకే సంచికలో వ్యవసాయం నుంచి యాంటెన్నాల దాకా ఉండడం, ఇవి గుర్తులు. 2022 నిబంధనలతో, థీసిస్ ఇచ్చే ముందు జర్నల్ పత్రం తప్పనిసరి అన్న షరతును యూజీసీ తీసేసింది. మీ విశ్వవిద్యాలయం తన వంతుగా ఏం అడుగుతుందో మాత్రం చూసుకోండి.

మొదటి పత్రానికి దేశంలోని నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ కమ్యూనికేషన్స్, జనవరిలో బెంగళూరులో జరిగే కామ్స్‌నెట్స్, ఐఐఎస్‌సీ నిర్వహించే స్పీకామ్ మంచి చోట్లు. అక్కడి సమీక్షలు ఓపికగా రాస్తారు. జర్నళ్లలో ఐఈఈఈ వైర్‌లెస్ కమ్యూనికేషన్స్ ట్రాన్సాక్షన్స్, 2014లో మొదలైన ఐఓటీ జర్నల్ ఈ రంగంవారు నిజంగా చదివేవి. అక్కడ ఒక్క పేపరు, డబ్బుకు వేసిన పది పేపర్ల కన్నా మీ చేయి పట్టుకుని దూరం తీసుకెళ్తుంది.

పేపరు తిరస్కరించారు. ఇక నేను పనికిరానా?

నా మొదటి జర్నల్ పేపరు మూడుసార్లు తిరిగివచ్చింది. ఉత్తరం అందిన రోజు దాన్ని మూసేసి, రెండు రోజుల తర్వాత తెరవండి. ప్రతి వ్యాఖ్యనూ ఒక పట్టికలో రాసి, పక్కన మీ జవాబు రాయండి. "సమీక్షకుడికి అర్థం కాలేదు" అనిపించినచోట మీ వాక్యం మార్చండి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిషులో పేపరు రాయగలనా?

రాయగలరు. ముందు మీ ఆలోచనను తెలుగులోనే ఒక పేజీ రాసుకోండి. ప్రశ్న ఏమిటి, ఇంతవరకు ఎవరు ఏం చేశారు, మీరేం చేశారు, ఎంత మెరుగైంది. ఆ పేజీ స్పష్టంగా వస్తే ఇంగ్లిషు చిన్న చిన్న వాక్యాలలో దానంతట అదే వస్తుంది. భాష అడ్డమైందని నా దగ్గరికి వచ్చిన చాలా చిత్తుప్రతులలో నిజానికి స్పష్టత లేనిది ఆలోచనకే.

పిహెచ్‌డి మధ్యలో పెళ్లి, పిల్లలు. ఆపేయాలా?

ఆపనక్కరలేదు. యూజీసీ నిబంధనలు మహిళలకు మొత్తం వ్యవధిలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇస్తాయి, గడువులో రెండేళ్ల సడలింపు కూడా ఇస్తాయి. ఇది హక్కు, గైడ్ దయ కాదు. సెలవుకు వెళ్లేముందు కోడ్, డేటా, నోట్సు అన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, ఎక్కడ ఆపారో ఒక పేజీ రాసిపెట్టుకోండి. తిరిగి వచ్చిన నా విద్యార్థినులందరూ ఆ ఒక్క పేజీ తమను నిలబెట్టిందన్నారు.

## పిహెచ్‌డి తర్వాత

ఐఐటీలో అధ్యాపక పదవికి ఏం చూస్తారు?

గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పిహెచ్‌డి తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. మూల వేతనం 1,01,500 రూపాయల దగ్గర మొదలవుతుంది. అనుభవం తక్కువైనవారికి గ్రేడ్ టూ ఉంటుంది. పోస్ట్‌డాక్ (పిహెచ్‌డి తర్వాత తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) నియమం కాదు, కానీ ఎక్కువమంది ఆ మూడేళ్లలో ఒక భాగాన్ని వేరే ల్యాబ్‌లో గడుపుతారు. కంపెనీ పరిశోధన విభాగంలో ప్రమాణాలపై చేసిన పనినీ ఇప్పుడు గౌరవంగా చూస్తున్నారు.

ఎంపిక సంఘం పేపర్ల సంఖ్య లెక్కపెట్టడం కన్నా ఒక ప్రశ్న వేస్తుంది: "గైడ్ లేకుండా వచ్చే ఐదేళ్లు ఏం చేస్తారు?" పిహెచ్‌డి పనికే కొనసాగింపు చెబితే అక్కడితో ఆగిపోతారు. మీ ఉపన్యాసం చివరి పది నిమిషాలు ఈ జవాబుకు ఉంచండి.

ప్రైవేట్ కళాశాలలో చేరితే పరిశోధన అయిపోయినట్లేనా?

కాదు. చేరేముందే బోధన గంటలు, పరికరాలకు ఇచ్చే నిధి, సమావేశాలకు వెళ్లే సెలవు, ఈ మూడూ నియామక పత్రంలో రాయించుకోండి. నోటిమాట నిలవదు.

మొదటి గ్రాంట్ దొరికేలోపు ల్యాబ్ ఎలా మొదలుపెట్టాలి?

2023 చట్టంతో ఏర్పడి, పరిశోధనకు నిధులిచ్చిన ప్రభుత్వ సంస్థ సెర్బ్ స్థానంలోకి వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, కొత్త అధ్యాపకుల కోసం ప్రత్యేక గ్రాంట్ ఇస్తుంది. చేరిన మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయండి. ప్రతిపాదనలో ప్రాథమిక ఫలితం ఉంటే బలం వేరు, కాబట్టి ఈలోపు చేతులు కట్టుకోకండి. కళాశాల మిద్దె మీద ఒక గేట్‌వే (సెన్సర్ల సమాచారం అందుకునే పెట్టె), ఊరి చెరువు గట్టున ఒకటి, పంచాయతీ కార్యాలయం గోడకు ఒకటి చొప్పున రెండు నోడ్లు (సెన్సర్ పరికరాలు) పెట్టండి. ఇద్దరు బీటెక్ విద్యార్థులను తోడు తీసుకుని, సిగ్నల్ బలం, పోయిన ప్యాకెట్లు, ఉష్ణోగ్రత, వాన గంటగంటకూ నమోదు చేయండి. ఎండాకాలం, వానాకాలం రెండూ అందులో పడేలా ఏడాది పాటు ఆపకండి. దరఖాస్తులో మొదటి బొమ్మ ఆ ఏడాది గ్రాఫే కావాలి.